సీమలో మిద్దె కట్టేవాళ్లకు: భూకంపం, గాలి గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: మన రాయలసీమలో భూకంపాలు రావు, ఆ లెక్కలెందుకు సార్?

కర్నూలులో ప్లాన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. భూకంపం లెక్కలు చెప్పే మన దేశ ప్రమాణం ఐఎస్ 1893 కోడ్. అది దేశాన్ని ప్రమాదాన్ని బట్టి జోన్లుగా విడదీస్తుంది, అంకె పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. దాని 2016 ప్రతి ప్రకారం కర్నూలు జోన్ 2లో ఉంది. ప్రమాదం తక్కువన్నారు గానీ అసలు లేదనలేదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో కిల్లారి నేలమట్టమైంది, దాదాపు 10,000 మంది పోయారు. అప్పటి పటంలో ఆ ఊరు అన్నిటికన్నా క్షేమమైన జోన్ 1లో ఉండేది. 2002లో ఆ జోన్ 1నే తీసేశారు. అక్కడ ఎక్కువమందిని చంపింది మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు. మన పల్లెల్లోని పాత మట్టిమిద్దెలూ అలా కట్టినవే, అందుకే నాకు భయం.

అపోహ: గాలి లెక్క కోస్తావాళ్లకే.

నెల్లూరుకు గాలి లెక్కల కోడ్ చెప్పే గాలివేగం సెకనుకు 50 మీటర్లు, కర్నూలుకు 39. అంటే గంటకు 140 కిలోమీటర్లు! ఒక జి ప్లస్ 2 ఇల్లు (కింద అంతస్తు, పైన రెండు) తీసుకుందాం: అంతస్తుకు సుమారు 1,000 చదరపు అడుగులు, మొత్తం బరువు 300 టన్నులు. మామూలు పిల్లర్లు, బీముల ఫ్రేముగా కడితే జోన్ 2లోనే బరువులో సుమారు 4 శాతం, అంటే 12 టన్నుల పైచిలుకు, భూకంపం పక్కకు తోసే బలంగా తీసుకోవాలి. అదే ఇంటి మీద గాలి తోపు 8 టన్నుల దరిదాపు. కాంక్రీటు ఇంటికి బరువే భూకంపాన్ని పెద్దది చేస్తుంది. మిద్దె మీద వేసుకునే రేకుల గదికి ఇది తారుమారవుతుంది. దానికి బరువు లేదు కాబట్టి భూకంపం లెక్కలోకి రాదు, గాలే శత్రువు. అదీ తోయడం కన్నా రేకును పైకి పీకుతుంది. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు రేకులు లేచిపోయేది అందుకే. రేకులను మోసే పైపులను స్లాబులో బోల్టులతో బిగించాలి, రేకుల మీద రాళ్లు పెడితే చాలదు.

అపోహ: కంబి ఎక్కువేస్తే ఇల్లు గట్టిది.

మేస్త్రి మంచి ఉద్దేశంతోనే బీములో రెండు కంబీలు అదనంగా వేస్తాడు. దాంతో బీము పిల్లరు కన్నా బలమైపోతుంది. ఊపు వచ్చినప్పుడు ముందు పిల్లరు విరుగుతుంది, పిల్లరు విరిగితే పైనున్నదంతా కిందికొస్తుంది. బీము ముందు లొంగాలి, పిల్లరు నిలబడాలి. డిజైన్‌లో ఇంతకన్నా ముఖ్యమైన మాట నాకు తెలీదు.

ఇక పిల్లర్లు గోడలో దాగాలని 9 అంగుళాల వెడల్పుతో అన్నిటినీ ఒకే దిక్కుకు తిప్పి పెడతారు. పొడుగు వైపు బాగానే ఉంటుంది, అడ్డం వైపు తోస్తే ఇంటికి బలమే ఉండదు. కొన్నిటిని అటు, కొన్నిటిని ఇటు తిప్పితే ఖర్చు పెరగదు. గదిలో ఒక మూల కాస్త ముందుకొస్తుంది, అంతే.

అపోహ: కింద పార్కింగ్ వదిలితే ఏమవుతుంది? పైన గోడలున్నాయిగా.

ప్రమాదం ఆ గోడలతోనే. పై అంతస్తులు గోడలతో బిగుసుకొని ఉంటాయి, కింద ఉత్త పిల్లర్లు. కదలికంతా అక్కడే జరుగుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో పదులకొద్దీ అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద అంతస్తు ఇలాగే ఖాళీ. పార్కింగ్ వద్దనడం లేదు. లిఫ్టు చుట్టూ కాంక్రీటు గోడ, ఇంకా ఒకటి రెండు చోట్ల పునాది నుంచి పైదాకా కాంక్రీటు గోడలు ఇవ్వండి. పిల్లరును పునాది నుంచి కాక బీము మీద లేపడం మాత్రం ఒప్పుకోకండి.

అపోహ: రింగులు కంబీలను నిలబెట్టడానికే.

పిల్లరు ఊగినప్పుడు లోపలి కాంక్రీటు చిట్లి బయటికి రాకుండా పట్టుకునేవి నిలువు కంబీల చుట్టూ కట్టే ఈ రింగులే. కొసలను 90 డిగ్రీలకు వంచితే పైనున్న కాంక్రీటు పెచ్చు రాలగానే విచ్చుకుంటాయి. 135 డిగ్రీలు వంచి, కొస కనీసం 65 మిల్లీమీటర్లు లోపలికి పోవాలని, భూకంపానికి తట్టుకునేలా కంబి ఎలా కట్టాలో చెప్పే కోడ్ ఐఎస్ 13920 అంటుంది. జోన్ 2లో ఆ కోడ్ తప్పనిసరి కాదు, అయినా నేను ప్రతి డ్రాయింగులో రాస్తాను. ఒక్కో రింగుకు పెరిగేది జానెడు కంబి కూడా కాదు. పిల్లరు పైనా కిందా, బీముతో కలిసే చోట్ల రింగులు దగ్గరగా ఉండాలి. కంబి కట్టడం కష్టమని మేస్త్రులు వదిలేసేది సరిగ్గా అక్కడే. కాబట్టి కాంక్రీటు పోయించే ముందు రోజు టేపు తీసుకొని వెళ్లి ఆ జాయింట్లు చూసుకోండి. సెంట్రింగ్ పలక కొట్టేశాక ఎవరికీ కనపడవు.