అడవిపంది ‘దున్నిన’ నేల: పేచీ మూలం ఎక్కడ

పరాయి గడ్డపై స్థిరపడిన అడవిపందులను కాల్చి ఏరివేయాలా, వేటగాళ్ల సరదాకు వదిలేయాలా అన్న రగడ మళ్లీ మొదలైంది. రగడ రేగినప్పుడల్లా వినిపించే మాట ఒకటుంది: ‘పంది ముట్టెతో నేలను గుల్ల చేస్తే తప్పేంటి, దున్నినట్టే కదా!’ దీనికి జవాబు నాలుగు దశాబ్దాల కిందటే అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో దొరికింది.

పందులు అక్కడికి ఎలా వచ్చాయన్నది పాత కథే. 1912లో నార్త్ కరోలినాలోని హూపర్ బాల్డ్ కొండపై షికారు కోసం కంచె కట్టి, ఐరోపా అడవిపందులను తెచ్చి పెట్టారు. 1920ల్లో అవి కంచె దాటాయి. 1940ల చివరికి పార్కులో అడుగుపెట్టాయి.

1974లో పరిశోధకురాలు సుసాన్ బ్రాటన్ ఎత్తైన కొండల మీది బీచ్ అనే చెట్ల అడవుల్లో వసంతకాలపు మొక్కలను పరిశీలించారు. అక్కడ స్ప్రింగ్ బ్యూటీ అనే చిన్న పూలమొక్క ఉంటుంది. పైన చెట్లు చిగురించేలోపే పూసి, విత్తనం కట్టి, ఆపైన కనిపించకుండా పోతుంది. మిగతా ఏడాదంతా అది మట్టిలో ఒక చిన్న దుంప, అంతే. పంది వెతుక్కునేది సరిగ్గా ఆ దుంపనే. పందికి రుచించనివి, వేళ్లు బాగా లోతుకు దిగినవి ఎక్కువగా బతికిపోయాయి. అడవి పచ్చగానే కనిపిస్తుంది, కానీ అందులో ఉండే మొక్కలు మారిపోతాయి.

అసలు మలుపు 1984లో వచ్చిందని నా లెక్క. ఫ్రాన్సిస్ సింగర్, వేన్ స్వాంక్, ఎడ్వర్డ్ క్లెబ్ష్ అనే పరిశోధకులు ఈసారి మొక్కలతో ఆగకుండా మట్టిని చూశారు. పందులు కెళ్లగించిన చోట రాలిన ఆకుల దుప్పటి పలచబడింది, నేల పైపొరలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కాల్షియం, భాస్వరం, మెగ్నీషియం త్వరత్వరగా కరిగి కొట్టుకుపోయాయి. ఆ అడవి నుంచి పారే వాగు నీటిలోనూ నైట్రేట్ అనే నత్రజని పోషకం ఎక్కువగా తేలింది. ఆకుల కింద బతికే వోల్ ఎలుకలు, చుంచులు దాదాపు కనుమరుగయ్యాయి. రైతు దున్నేది విత్తడానికి. ఇక్కడ దున్నడమే తప్ప విత్తేవాడు లేడు.

ఎదుటి పక్షానికీ ఒక ఆధారం ఉంది. 1986లో అదే పార్కులో, పందులు తవ్విన చోట బీచ్ కొమ్మలు మరింత సాగినట్టు తేలింది. కావచ్చు. అయితే ఆ కొమ్మలకు అందిన ఎరువు పంది బయటి నుంచి మోసుకొచ్చింది కాదు, ఆకుల్లో నెమ్మదిగా విడుదల కావాల్సిన నిల్వే ఒక్కసారిగా బయటపడింది. ఐరోపాలో అక్కడక్కడా మేలు కనిపిస్తుందంటే, అక్కడి మొక్కలు వేల ఏళ్లుగా పందితో కలిసి పెరిగినవి.

ఇంత తెలిశాక ఏరివేత సాఫీగా సాగిందా అంటే, లేదు. పార్కు వాళ్లు 1959లోనే పందులను పట్టడం మొదలుపెట్టారు. 1970ల చివర్లో కాల్చివేతపై నార్త్ కరోలినా వేటగాళ్లు మండిపడ్డారు. దాంతో పార్కులో నార్త్ కరోలినా వైపు పట్టిన పందులను పార్కు బయట వేట ప్రాంతాల్లో ప్రాణాలతో వదిలారు. పరిష్కారం అనిపించుకున్న ఈ ఏర్పాటే నేటి తగవుకు బీజమని నాకనిపిస్తుంది.

2021లో ఒక అంతర్జాతీయ బృందం లెక్కను ఇంకా పెద్దది చేసింది: పందులు పరాయివైన దేశాల్లో వాటి తవ్వకాల వల్ల మట్టి నుంచి ఏటా సుమారు 49 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోందని, అది 11 లక్షల కార్ల పొగతో సమానమని అంచనా వేసింది. హవాయిలో కంచెలు వేసి పందులను తీసేసిన అడవుల్లో స్థానిక మొక్కలు మళ్లీ లేచాయి. అప్పటికే పాతుకుపోయిన పరాయి మొక్క స్ట్రాబెర్రీ జామ కూడా వాటితోపాటే లేచింది.