ఎర్త్ ఉంటే చాలా? ఇంటి వైరింగుపై అపోహలు, వాస్తవాలు

తిరుపతిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్లకు వైరింగు చేసే నాకు ఏటా ఏప్రిల్, మే నెలల్లో ఒకే రకం ఫోన్లు ఎక్కువగా వస్తాయి. వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని, ఫ్రిజ్ తలుపు తీస్తే చురుక్కుమంటోందని చెబుతారు. అవే ఇళ్లలో డిసెంబరులో ఏ ఇబ్బందీ ఉండదు. మన ప్రాంతానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన ఉంటుంది, అప్పుడు నేలలో తడి ఉంటుంది. ఎండలు ముదిరే సరికి ఎర్త్ గుంత, అంటే మెషిన్ల లోహపు రేకు నుంచి వచ్చే ఎర్త్ వైరును పైపుతో మట్టిలోకి దించే గుంత, ఎండిపోతుంది. ఈ తేడా అర్థం కావాలంటే ముందుగా ఒక పాత అపోహను వదిలించుకోవాలి.

అపోహ: ఎర్త్ వైరు వేస్తే కరెంటును భూమి పీల్చేసుకుంటుంది.

భూమి కరెంటును పీల్చుకోదు. కరెంటు ఎక్కడి నుంచి బయలుదేరిందో అక్కడికే తిరిగి చేరాలి, చేరే దారి లేకపోతే అసలు ప్రవహించదు. ఇంటికి కరెంటు తెచ్చేది ఫేజు వైరు, తిరిగి తీసుకెళ్లేది న్యూట్రల్ వైరు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ న్యూట్రల్‌ను కూడా భూమిలోకి దించి ఉంటారు. మెషిన్ లోపల ఫేజు వైరు రేకుకు తగిలితే, ఆ కరెంటు ఎర్త్ వైరు మీదుగా మన గుంతలోకి, అక్కడి నుంచి మట్టిలోకి, మట్టి గుండా ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కు వెళుతుంది. అంటే ఈ దారిలో మట్టి కూడా ఒక వైరే. తడి మట్టి ఓ మోస్తరు వైరు, ఎండిన రాతి నేల మాత్రం చాలా నాసిరకం వైరు. కొండ వాలు పక్క ఇళ్లలో నాలుగడుగులకే బండ తగిలితే, రెండున్నర మీటర్ల పైపును సగానికి కోసి పాతేసి, పైన సిమెంటు మూత వేసి వెళ్లిపోయిన పనిని కూడా నేను చూశాను.

అపోహ: ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెడితే బాగా వెలిగింది, కాబట్టి ఎర్త్ బాగుంది.

వాషింగ్ మెషిన్ షాక్ కొడుతోందంటే వెళ్లిన చంద్రగిరి దగ్గరి ఒక ఇంట్లో ఇదే మాట విన్నాను. "ఎర్త్ బాగానే ఉండాది నాయనా, మొన్ననే బల్బు పెట్టి చూసినారు," అన్నారు ఇంటి పెద్దాయన. ఎర్త్ టెస్టరుతో దాని నిరోధం, అంటే కరెంటుకు ఎంత అడ్డు పడుతుందో, కొలిస్తే అరవై ఓములు వచ్చింది. ఇది ఎంత తక్కువుంటే ఎర్త్ అంత మంచిది. గుంతలో మూడు బిందెల నీళ్లు పోయించి కాసేపాగి మళ్లీ కొలిస్తే నలభైకి దిగింది. మూత తీసి చూస్తే, బొగ్గుతో పాటు వేసిన ఉప్పు ఏళ్ల తరబడి తినేసి పైపు మెడ దగ్గర పొరలు పొరలుగా ఊడుతోంది, క్లాంపు నట్టు నా వేళ్ల మధ్యే పొడి అయింది.

మరి బల్బు ఎలా వెలిగింది? వంద వాట్ల బల్బుకు అర ఆంపియరు కూడా అక్కర్లేదు. వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 500 ఓములు దాటి ఉంటుంది. దాని పక్కన మరో అరవై చేరితే 230 వోల్టుల్లో ఇరవై చిల్లర మాత్రమే తగ్గుతాయి, ఆ తేడా కంటికి ఆనదు. బల్బు పరీక్ష వల్ల ఎర్త్ వైరు ఎక్కడా పూర్తిగా తెగిపోలేదని తెలుస్తుందే తప్ప, అంతకు మించి ఏమీ తెలియదు. పైగా తెలియనివారు చేస్తే అది ప్రమాదకరమైన పరీక్ష.

అపోహ: ఎం.సి.బి. పెట్టించాం, షాక్ కొడితే అదే పడిపోతుంది.

నా లెక్కలో అన్నింటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇదే. ఎం.సి.బి., అంటే కరెంటు హద్దు మీరితే తానే పడిపోయి సరఫరాను ఆపే మీట, ఉన్నది మనిషి కోసం కాదు, వైరు కోసం. వైరు మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పోతే అది కాలిపోకుండా ఆపడమే దాని పని. ఇళ్లలో వాడే 16 ఆంపియర్ల బి రకం ఎం.సి.బి. తక్షణం పడిపోవాలంటే దాని రేటింగుకు మూడు నుంచి ఐదు రెట్లు, అంటే 48 నుంచి 80 ఆంపియర్లు ప్రవహించాలి. పైన చెప్పిన ఇంట్లో ఫేజు నేరుగా మెషిన్ రేకుకు తగిలినా 230ని 60తో భాగిస్తే నాలుగు ఆంపియర్లు కూడా రావు. ఆ నాలుగు ఆంపియర్లు ఎం.సి.బి.కి ఒక ఇస్త్రీ పెట్టె పెట్టినంత కూడా కాదు. అది పడదు, రేకు మీద రెండు వందల వోల్టుల పైచిలుకు అలాగే నిలిచి ఉంటుంది. తడి చేతులతో ముట్టుకున్న మనిషి ఒంట్లో గుండె లయ తప్పడానికి ఒక ఆంపియరులో ఇరవయ్యో వంతు, పదో వంతు చాలు.

అందుకే మన నేలలో ఆర్.సి.సి.బి. అనే మరో రక్షణ పరికరం తప్పనిసరి అని నేను వాదిస్తాను. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి వచ్చిందా లేదా అని అది నిరంతరం సరిచూస్తుంది. ఇళ్లకు పెట్టే రకంలో ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపు సరఫరాను తెంచేస్తుంది. ఎర్త్ అరవై ఓములున్నా, వందున్నా దాని పని ఆగదు. అయితే దానికీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే అది మనిషిని ఒక బల్బుగానే చూస్తుంది, పడిపోదు. వైరుపై లోడు ఎక్కువైనా దానికి పట్టదు, కాబట్టి ఎం.సి.బి. ఉండాల్సిందే. దాని మీది 'టి' బటన్ నొక్కితే పడిపోవాలి, అప్పుడప్పుడు నొక్కి చూడాలి. కానీ ఆ బటన్ పరికరాన్ని పరీక్షిస్తుందే తప్ప మీ ఎర్త్‌ను కాదు.

అపోహ: ఎర్త్ లేకపోతే ప్లగ్గులోనే న్యూట్రల్‌కు లింకు ఇస్తే సరిపోతుంది.

పాత ఇళ్లలో స్విచ్‌బోర్డు విప్పితే ఎర్త్ పిన్నుకూ న్యూట్రల్‌కూ మధ్య చిన్న ముక్క వైరు కనిపిస్తుంటుంది. న్యూట్రల్ బాగున్నంత కాలం అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ జాయింటు వదులైన రోజున, ఇంట్లో ఆన్ చేసి ఉన్న ఏ ఫ్యాను గుండానో ఫేజు ఆ ముక్క వైరు మీదుగా ఫ్రిజ్ రేకు మీదికి వస్తుంది. ఫ్రిజ్‌లో ఏ లోపమూ లేకుండానే షాక్ కొడుతుంది. ఇలాంటి లింకు కనబడితే మరో ఆలోచన లేకుండా తీయించాలి.

అపోహ: స్విచ్ ఆపేశాం కదా, పట్టుకోవచ్చు.

స్విచ్‌ను ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో వేసి ఉంటే లైటు ఆరుతుంది, హోల్డరులో ఫేజు మాత్రం ఉంటుంది. టెస్టరు వెలగకపోవడం కూడా నమ్మదగిన సాక్ష్యం కాదు. లోపలి చిన్న నియాన్ దీపం పాడై ఉండవచ్చు, ఎండలో దాని వెలుగు కనిపించకపోవచ్చు. మెయిన్ ఆపి, ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపి, టెస్టరును ముందుగా కరెంటున్న చోట పెట్టి అది వెలుగుతోందని చూసుకుని తర్వాతే పని మొదలుపెట్టాలి. రబ్బరు చెప్పుల మీద భరోసా అసలు వద్దు.

అపోహ: ఎం.సి.బి. మాటిమాటికీ పడుతుంటే పెద్దది వేయాలి.

ఒకటిన్నర టన్ను ఏసీ, రెండు వేల వాట్ల గీజరు ఒకే 2.5 చదరపు మి.మీ. వైరు మీద నడిస్తే 16 ఆంపియర్లది పడటం దాని ధర్మం. అక్కడ 32ది వేస్తే అది పడదు, బదులుగా గోడలో వైరు వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపయితే పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. గీజరుకు వేరే లైను లాగించడమే సరైన పని.

అపోహ: ఆర్.సి.సి.బి. ఊరికే పడిపోతోంది, అది మనకు సరిపడదు.

చంద్రగిరి ఇంట్లో కొత్త గుంత తీసి, ఆర్.సి.సి.బి. బిగించి వచ్చిన సాయంత్రమే పెద్దాయన ఫోను చేశారు. "పొద్దన్నుంచి నాలుగు తూర్లు పడింది, పీకేసి పాతదే పెట్టేయి నాయనా." మర్నాడు వెళ్లి అన్ని ప్లగ్గులూ తీసి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వస్తే, వరండాలోని రేకు కూలర్ ఆన్ చేసినప్పుడే పడుతోంది. నీళ్ల తొట్టిలో ఉండే చిన్న పంపు మోటారు వైండింగు దెబ్బతిని, బోరు నీళ్ల గుండా రేకులోకి కరెంటు కారుతోంది. ఇంటి ఎర్త్ వైరు అన్నింటికీ ఒకటే కాబట్టి, గుంత సరిగా లేనప్పుడు కూలర్‌లోని ఆ వోల్టేజి అదే వైరు మీదుగా వంటింటి పక్కనున్న వాషింగ్ మెషిన్ దాకా వచ్చి, తడి కాళ్లతో బట్టలు తీసే ఇల్లాలి చేతిని పట్టింది. వారు మెషిన్‌ను రెండుసార్లు రిపేరుకు ఇచ్చారు. పంపు మార్చాం, ఆర్.సి.సి.బి. అక్కడే ఉంది.