జాఫిష్ బొరియకు రాతికట్టు కావాలి

కళింగపట్నం తీరాన తడి ఇసుకలో పీతలు తవ్విన కన్నాలు కూలకుండా నిలుస్తాయి. రేణువుల మధ్య గాలితో పాటు ఉన్న సన్నని నీటి పొర వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. అదే ఇసుకను పూర్తిగా నీట ముంచితే ఆ పట్టు పోతుంది. వేలితో గుంట చేస్తే చూస్తుండగానే పూడిపోతుంది. రీఫ్ అక్వేరియంలో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టిలో, మెత్తటి ఇసుక మాత్రమే పరిచి, బొరియ తవ్వుకుని బతికే జాఫిష్ అనే చేపను వదిలితే దాని పాట్లు కూడా ఇవే. తవ్విందల్లా పూడుతుంటే దాక్కునే చోటు లేక బెదిరి, ఏదో ఒక రాత్రి తొట్టిలోంచి బయటికి దూకేస్తుంది.

కరీబియన్ సముద్రపు పసుపు తల జాఫిష్ 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఇసుకను నోట్లోకి ఎత్తి బయట ఉమ్ముతుంది. గవ్వ పెంకులు, రాతి ముక్కలు ఏరి తెచ్చి, బావికి రాతికట్టు కట్టినట్టు గోడలో పేరుస్తుంది. కాబట్టి దానికి ఇసుకతో పాటు కట్టుబడి సామాను కూడా మనమే ఇవ్వాలి.

మిల్లీమీటరు లోపు అరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుక రెండు పాళ్లు, 3 నుంచి 5 మిల్లీమీటర్ల సున్నపురాతి నలుసు ఒక పాలు, 1 నుంచి 2.5 సెంటీమీటర్ల ఆల్చిప్ప ముక్కలు ఒక పాలు కలపాలి. లోతు కనీసం 12 సెంటీమీటర్లు, 15 అయితే ఇంకా మంచిది. తొట్టి అంతా ఇంత మందాన పరచనక్కర్లేదు. ఒక మూల 45 సెంటీమీటర్ల చదరంలో 12 సెంటీమీటర్ల మందానికి 24 లీటర్ల మిశ్రమం పడుతుంది. సముద్రంలోంచి పగడపు ముక్కలు ఏరి తేకూడదు, గట్టి పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మన తీరపు నల్ల ఇసుక కూడా పనికిరాదు. ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలున్న ఆ ఇసుకలో సున్నం తక్కువ.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇసుక ముందు పోసి, దాని మీద రాళ్లు పేర్చడం. చేప కింద తవ్వగానే రాయి ఒరిగి దాని మీదే పడుతుంది, అద్దం కూడా పగలొచ్చు. రాళ్లను ముందు తొట్టి అడుగునే, పీవీసీ ముక్కల మీద కదలకుండా కూర్చోబెట్టాలి. చేత్తో ఊపి చూశాకే ఇసుక పోయాలి. మెత్తటి పగడాలను రాళ్ల పైభాగాన అతికించాలి, ఇసుక మీద పెడితే జాఫిష్ ఉమ్మే ఇసుక కింద కప్పబడిపోతాయి.

కొత్త చేపను రంధ్రాలున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, దాని కింద ఇసుక మీద రెండు రోజులు ఉంచాలి. మిగతా చేపలు తరమకుండా ఉంటే నిమ్మళంగా తవ్వుకుంటుంది. 25 మిల్లీమీటర్ల పీవీసీ ఎల్బో (పైపు వంపు ముక్క) ఒకటి ఇసుకలో పాతి నోరు పైకి ఉంచితే మొదటి రోజులకు ఆసరా. తొట్టి పైన 6 మిల్లీమీటర్ల కన్నాల వల తప్పనిసరి, వైర్లు వెళ్లే సందు కూడా వదలకూడదు. మేత బొరియ దగ్గరికే చేర్చాలి. సూది లేని సిరంజితో మైసిస్ అనే చిన్న రొయ్యలాంటి జీవులను రోజుకు రెండుసార్లు మెల్లగా వదలాలి.

హాలికోరిస్ జాతి రాస్ చేపల సంగతి వేరు. అవి బొరియ కట్టవు, రాత్రి ఇసుకలోకి దూరి పడుకుంటాయి. వాటికి 5 నుంచి 7 సెంటీమీటర్ల మెత్తటి ఇసుక చాలు, పెంకు ముక్కలుంటే ఒళ్లు గీసుకుపోతుంది. రెండు రకాలూ ఒకే తొట్టిలో ఉంటే ఇసుక మూలలు వేరు చేయాలి.

లోతైన ఇసుక అడుగున ఆక్సిజన్ అందక హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టొచ్చు. నల్లటి మచ్చలు, కుళ్లిన గుడ్డు వాసన దాని గుర్తులు. పాత ఇసుకను ఒక్కసారిగా కెలకకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇసుకలోని బ్యాక్టీరియా నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తూనే ఉంటుంది, నీరు కదలని బొరియలో ముందుగా ఊపిరాడదు. బ్యాటరీ ఎయిర్ పంపు, గాలి బుడగలు వదిలే దాని రాయితో సహా, చేతికందేలా ఉంచి, కరెంటు పోయిన వెంటనే బొరియ ఉన్న మూలలోనే వేయాలి.