మాగాయ జాడీలోంచి మంచినీళ్లు

శ్రీకాకుళం జిల్లా భావనపాడు కుర్రాడొకడు గుజరాత్‌లోని వెరావల్ నుంచి ఫోన్ చేశాడు. మన తీరం నుంచి ఎందరో అక్కడికి బోట్ల మీద పనికి వెళ్తారు, అతనూ అంతే. "మాస్టారూ, వేటకెళ్తే రోజుల తరబడి డ్రమ్ముల్లో నీళ్లే గతి. మన ఇళ్లలో ఉండే ఆర్వో మిషను బోటులో బిగిస్తే సముద్రం నీళ్లు తాగొచ్చా?" అని అడిగాడు.

కుదరదు. ఎందుకో చెప్పాలంటే మాగాయ జాడీ మూత తీయాలి.

మామిడికాయ ముక్కల మీద ఉప్పు, పసుపు జల్లి జాడీలో పెడతాం. తెల్లారి చూస్తే ఊట. చుక్క నీరు మనం పోయలేదు. ముక్కలోని ప్రతి కణానికీ పలచని పొర ఉంటుంది. నీరు దాన్ని దాటగలదు, ఉప్పు అంత తేలిగ్గా దాటలేదు. బయట ఉప్పు ఎక్కువ, కాబట్టి లోపలి నీరు అటు లాక్కుపోతుంది, ముక్క వడిలిపోతుంది. ఇదే ద్రవాభిసరణం. బళ్లో ఈ మాటకి నిర్వచనం అప్పజెప్పించి మార్కులు వేస్తాం గానీ, "మీ అమ్మ జాడీలో ఊట ఎక్కడిది?" అని అడగం. అడిగితే ఏ పిల్లాడూ జన్మలో మరిచిపోడు.

ఆ ఊటలోంచి నీటిని మళ్లీ ముక్కలోకి పంపాలంటే? ఉప్పు లాగే బలాన్ని మించి ఊటని నొక్కాలి. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీటిలో ఆ లాగుడు సుమారు 27 బార్లు (బారు అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం). ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేది 1 బారు దగ్గర. 27 బార్లంటే 270 మీటర్ల ఎత్తున నిలబెట్టిన నీటి అడుగున ఉండే ఒత్తిడి. అంత నొక్కితే నీరు ఎటూ కదలకుండా ఆగుతుంది, అంతే. వెనక్కి నడవాలంటే 55 నుంచి 60 బార్లు కావాలి. ఇలా నీటిని వెనక్కి నడిపించడమే ఆర్వో, అంటే రివర్స్ ఆస్మాసిస్. ఇంట్లో ఆర్వోకి వచ్చే నీటిలో ఉప్పు మామూలుగా లీటరుకు గ్రాము లోపే, లాగుడు 1 బారు కూడా ఉండదు. దాని చిన్న పంపు ఇచ్చే 5 బార్లు దానికి సరిపోతాయి. సముద్రం ముందు ఆ 5 బార్లు ఏ మూలకి!

కాచి వడకడితే ఉప్పు పోతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నౌపడ ఉప్పు మడుల దగ్గర నిలబడి చూస్తే చాలు. ఎండకి పోయేది నీరు, మడిలో మిగిలేది ఉప్పు.

మామిడి పొరకి ఇంకో గుణం ఉంది. మూడు రోజుల్లో ఉప్పు లోపలికీ దిగుతుంది. మాగాయకి కావాల్సింది అదే, మనకి మాత్రం దిగనివ్వని పొర కావాలి. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ ఎసిటేట్‌తో అలాంటిది చేశారు. పైన అతి పలచని చర్మం, కింద స్పంజిలాంటి దన్ను. ఇప్పుడు చర్మాన్ని పాలిఅమైడ్‌తో చేస్తున్నారు. అది ఉప్పులో 99 శాతానికి పైగా ఆపుతుంది. ఆ పొరని జాలీతో కలిపి చాపలా చుట్టి గట్టి గొట్టంలో దూరుస్తారు.

సముద్రపు నీటి కోసమే ఇలా చేసిన బోటు మిషన్లు ఉన్నాయి. లోపలికి వెళ్లిన 100 లీటర్లలో బోటు మిషను సుమారు 10 లీటర్లే మంచినీళ్లుగా ఇస్తుంది. మిగతాది వృథా అనుకోవద్దు. 10 లీటర్లు తీస్తే మిగిలిన నీటిలో ఉప్పు లీటరుకు 35 నుంచి 39 గ్రాములవుతుంది. సగం తీస్తే 70 అవుతుంది, లాగుడూ రెట్టింపవుతుంది, మన 55 బార్లు అక్కడే చేతులెత్తేస్తాయి. ఆ 90 లీటర్లే ఉప్పుని ఊడ్చుకుపోతాయి. పైగా అవి ఒత్తిడితోనే బయటికొస్తాయి. ఊరికే వదిలేస్తే 100 లీటర్ల మంచినీటికి, పంపు నష్టాలు కాక, ఒకటిన్నర యూనిట్ల కరెంటు. ఆ ఒత్తిడితోనే పిస్టన్‌ని నెట్టించుకునే మిషన్లకి అర యూనిట్ చాలు.

మన సముద్రంలో ఒక విశేషం ఉంది. అక్టోబరు నుంచి గంగ, బ్రహ్మపుత్ర తెచ్చి పోసిన నీళ్లు తీరం వెంట దక్షిణానికి దిగుతాయి. వంశధార, నాగావళి వాటికి తోడు. అప్పుడు కళింగపట్నం ఎదుట సముద్రం కాస్త చప్పబడుతుంది. లాగుడు తగ్గుతుంది, అదే ఒత్తిడికి ఎక్కువ నీరు వస్తుంది. సంబరపడి అలాగే వదిలేస్తే పొర తట్టుకునే దానికి మించి నీరు పారి, మురికి త్వరగా పడుతుంది. మీటరు చూసి ఒత్తిడి తగ్గించాలి.

ఈ మిషన్‌ని హార్బర్‌లో నడపకూడదు. నీటి మీద తేలే డీజిల్ తెట్టు పొరని పాడుచేస్తుంది. ముందుండే 20, 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టర్లు బురదని ఆపుతాయి గానీ నూనెని ఆపలేవు. పని అయ్యాక మిషను చేసిన మంచినీళ్లతోనే దాన్ని కడగాలి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ పాలిఅమైడ్‌ని తినేస్తుంది, తప్పకపోతే కార్బన్ ఫిల్టర్‌లోంచి పంపాలి. కడగకుండా వదిలేస్తే సముద్రపు సూక్ష్మజీవులు లోపలే చచ్చి, మళ్లీ ఆన్ చేసినప్పుడు కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంటుంది.

నెలల తరబడి వాడకపోతే సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం నింపి ఉంచుతారు. బోట్ల వాళ్లు దీన్ని పిక్లింగ్ అంటారు. మళ్లీ మన జాడీయే! కాకపోతే ఇక్కడ కాపాడేది ఉప్పు కాదు, లోపలి ఆక్సిజన్‌ని లాగేసి క్రిముల్ని పెరగనివ్వని ఆ మందు. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ముందు ఒత్తిడి లేకుండా నడిపి మందుని కడిగేయాలి. తర్వాత వచ్చే తొలి మంచినీళ్లూ సముద్రంలోకే. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే టీడీఎస్ మీటరు 500 లోపు చూపించాకే పైపుని ట్యాంకులోకి తిప్పాలి.