ఎన్‌క్రిప్షన్ గట్టుకు గండి: అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల వ్యాపారులకు, రైస్ మిల్లులకు కంప్యూటర్ భద్రత చూడటం నా వృత్తి. ఇటీవల ఒక సదస్సులో ఒక ప్రజాప్రతినిధి నన్ను అడిగారు: "నేరస్తుల మెసేజీలు పోలీసులకు మాత్రం కనబడేలా చిన్న మార్పు చేయిస్తే సరిపోతుంది కదండీ?" ఆయన ఉద్దేశం మంచిదే. అయితే ఇలాంటి మాటలే రేపు చట్టాలవుతాయి. నా భయం అదే.

అపోహ: ప్రభుత్వానికి మాత్రమే పనికొచ్చే తాళం చెవి తయారు చేయించవచ్చు.

వాస్తవం: 1986 ఆగస్టు వరద చూసిన మన పెద్దలకు గండి అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. గట్టు తెగాక నీరు సర్వే నంబరు చూసి పారదు. వాట్సాప్ లాంటి యాప్‌లలో మెసేజీ మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోకి మారి వెళ్తుంది. ఎన్‌క్రిప్షన్ అంటే అదే. దాన్ని విప్పే తాళం చెవి పంపినవారి ఫోనులో, అందుకున్నవారి ఫోనులో మాత్రమే ఉంటుంది. కంపెనీ దగ్గర కూడా ఉండదు. మూడోది ఒకటి చేయిస్తే, అది ఎవరికి చిక్కితే వారికి పనిచేస్తుంది.

ఇది జరిగిన కథే. గ్రీసులో 2004-05లో, అధికారుల నిఘా కోసం టెలిఫోన్ యంత్రాల్లో ఉన్న సదుపాయాన్నే చొరబాటుదారులు వాడుకుని, ప్రధాని కరమన్లిస్ సహా సుమారు వంద మంది ఫోన్లు విన్నారు. 2024లో అమెరికా టెలికాం కంపెనీల్లోకి చైనా హ్యాకర్లు దూరారు. కోర్టు ఉత్తర్వులతో నిఘా పెట్టే వ్యవస్థల దాకా వెళ్లారు. ఎన్‌క్రిప్షన్ తమ దర్యాప్తులకు అడ్డమని ఏళ్లుగా వాదించిన ఎఫ్‌బీఐ అధికారులే ఆ డిసెంబరులో, ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడుకోండని ప్రజలకు చెప్పాల్సి వచ్చింది.

అపోహ: ఎన్‌క్రిప్షన్ ఉంటే పోలీసుల చేతులు కట్టేసినట్టే.

వాస్తవం: కాదు. గ్రూపులో ఒక్క సభ్యుడి ఫోను దొరికి, దాన్ని తెరవగలిగినా అందులో ఉన్న మెసేజీలు చదవవచ్చు. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్న వివరాలు టెలికాం కంపెనీల దగ్గర ఉంటాయి.

అపోహ: దాచుకోవడానికి ఏమీ లేనివారికి గోప్యతతో పనేమిటి?

వాస్తవం: చెరువులో ఎంత సరుకుందో, మేత కొట్లో ఎంత బాకీ ఉందో కొనేవాడికి ముందే తెలిస్తే రొయ్య రైతుకు గిట్టుబాటు ధర వస్తుందా? గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది.

అపోహ: మెసేజీ చదవనక్కర్లేదు, మొదట ఎవరు పంపారో చెబితే చాలు.

వాస్తవం: 2021 ఐటీ నిబంధనల్లో 4(2)వ నిబంధన మెసేజింగ్ కంపెనీలను అడిగేది ఇదే. వాట్సాప్ దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. తీవ్ర నేరాల్లోనే ఆదేశం ఇస్తారన్నది నిజం. కానీ ఏ మెసేజీ రేపు కేసు అవుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. కాబట్టి పెళ్లి పిలుపు, డాక్టరుకు పంపిన రిపోర్టు, అన్నింటికీ ముందే గుర్తు వేసి ఉంచాలి.

రాజోలు దగ్గర ఒక అమ్మాయి ఉంది. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. అమ్మ ఫోను మార్చిన రోజు సెక్యూరిటీ కోడ్ మారిందని వాట్సాప్ చూపించేసరికి, ఎవరో చొరబడ్డారని ఆ పిల్ల కంగారు పడింది. ఇద్దరి ఫోన్లలోనూ ఒకేలా ఉండాల్సిన ఆ కోడ్‌ను, అమ్మకు ఫోన్ చేయించి పోల్చి చూపించాను. ఐదేసి అంకెల చొప్పున పన్నెండు గుంపులు, మొత్తం అరవై అంకెలు. ఎనిమిదో గుంపు దగ్గర తడబడి మళ్లీ చదువుకున్నారు. అన్నీ సరిపోయాయి. "మా అమ్మే" అంది.

ఇప్పుడు ఆ 4(2) నిబంధనలోని మరో వాక్యం చూడండి. మెసేజీ మొదట విదేశంలో పుట్టి ఉంటే, దాన్ని మన దేశంలో తొలిసారి పంపినవారినే మొదటివారిగా లెక్కగడతారు. అక్కడ ఎవరో అల్లిన పుకారును వాళ్లమ్మ నమ్మి పంపితే, ఈ అమ్మాయి దాన్ని ఊరి గ్రూపులో వేస్తే, కాగితం మీద మొదటి పేరు ఈ అమ్మాయిదే అవుతుంది.

సదస్సు అయ్యాక ఆ ప్రజాప్రతినిధికి ఈ సంగతే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, నిబంధన నంబరు మరోసారి అడిగి రాసుకున్నారు.