యూట్యూబ్ బ్లాక్ చేసినా చదువు సాగడం లేదా? కంప్యూటర్ బ్లాకర్ల మీద అపోహలు, వాస్తవాలు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు కూర్చునే స్టడీ హాళ్లలో, కొన్ని చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసుకోవడం నా పని. హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు ఎక్కువగా తిరుగుతాను. ప్రింటర్ పని చేయడం లేదని పిలిచేవాళ్ల కంటే, "అన్నా, ఈ యూట్యూబ్ రాకుండా ఏదైనా చెయ్యి" అని అడిగేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. అడిగేవాళ్లలో చాలామంది ఉద్యోగం మానేసి, ఊళ్లో అమ్మానాన్నలు పంపే డబ్బుతో రూము అద్దె కట్టుకుంటూ చదువుతున్నవాళ్లే. వాళ్లకు ఒక పూట పోతే ఎంత బాధో దగ్గర నుంచి చూశాను. అందుకే బ్లాకర్ల మీద, అంటే మన ధ్యాస లాగేసే సైట్లను తెరుచుకోకుండా ఆపే ఏర్పాట్ల మీద, తరచూ వినే తప్పుడు నమ్మకాలను ఒకచోట రాస్తున్నాను.

అపోహ: బ్లాకర్ పెట్టుకున్నాడంటే మనసు మీద అదుపు లేనట్టే

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ మాటకు భయపడే చాలామంది సాయం అడగడం మానేస్తారు.

ఒకసారి ఒక అబ్బాయి పక్కన అరగంట కూర్చుని అతని చేతులనే గమనించాను, అతని అనుమతితోనే. పాలిటీ నోట్స్ చదువుతున్నాడు. కష్టమైన పేరా వచ్చింది. వేళ్లు వాటంతటవే కంట్రోల్, టీ నొక్కాయి. కొత్త ట్యాబ్ తెరుచుకుంది. ఒక్క "వై" కొట్టగానే మిగతా పేరు బ్రౌజరే నింపింది, ఎంటర్ పడింది. ఇదంతా రెండు సెకన్లలో అయిపోయింది. "ఎందుకు తెరిచావు తమ్ముడూ?" అంటే, "తెరిచానా?" అన్నాడు. అక్కడ మనసు నిర్ణయం తీసుకున్నదే లేదు, చెయ్యి అలవాటు కొద్దీ కదిలింది. బ్లాకర్ పనల్లా ఆ రెండు సెకన్లను ఇరవై సెకన్లు చేయడమే. ఆ ఇరవై సెకన్లలో మనిషికి తను ఏం చేస్తున్నాడో తెలిసి వస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్ లేకుండా ఈ పని కొంత చేసుకోవచ్చు. క్రోమ్ అడ్రస్ బార్‌లో "వై" కొట్టగానే వచ్చే సూచన మీదికి బాణం గుర్తుతో వెళ్లి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే ఆ సూచన పోతుంది. అప్పటి నుంచి పేరు మొత్తం టైప్ చేయాలి. చిన్న పనే, కానీ చాలామందికి నేను మొదట చేసి పెట్టేది ఇదే. లీచ్‌బ్లాక్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్‌లో (ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) సైటును పూర్తిగా ఆపకుండా, కొన్ని సెకన్లు లెక్కపెట్టాకే తెరిచే ఏర్పాటు కూడా ఉంది. మొదటిసారి బ్లాకర్ వాడేవాళ్లకు అది సరిపోతుంది.

అపోహ: ఎక్స్‌టెన్షన్ వేశాను, ఇక అన్నీ ఆగినట్టే

ఎక్స్‌టెన్షన్ తనున్న బ్రౌజర్‌లో మాత్రమే పని చేస్తుంది. క్రోమ్‌లో వేస్తే ఎడ్జ్ తెరిచే ఉంటుంది, విండోస్‌తో పాటు ఎడ్జ్ ఎలాగూ వస్తుంది. క్రోమ్‌లోనే ఇన్‌కాగ్నిటో కిటికీ, అంటే చూసిన సైట్లను గుర్తుంచుకోని కిటికీ, తెరిస్తే, మనం సెట్టింగ్స్‌లో ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అక్కడ నడవవు. ఇక వాట్సాప్, టెలిగ్రామ్ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు, గేములు బ్రౌజర్ బయట ఉంటాయి కాబట్టి వాటి జోలికి ఎక్స్‌టెన్షన్ పోనే పోదు.

వాట్సాప్ వెబ్ ఆపేసి, పక్కనే వాట్సాప్ ప్రోగ్రామ్ నడుస్తున్న కంప్యూటర్లు ఎన్ని చూశానో. ముందు ఆ ప్రోగ్రామ్ తీసేయండి. యాపిల్ వాళ్ల మాక్ కంప్యూటర్ వాడేవాళ్లకు సెల్ఫ్‌కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. సైట్ల జాబితా, గంటలు ఇచ్చి మొదలుపెడితే కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా, ఆ సాఫ్ట్‌వేర్‌నే డిలీట్ చేసినా గడువు తీరే దాకా సైట్లు తెరుచుకోవు. విండోస్‌లో ఆ స్థాయి గట్టిదనం కావాలంటే కోల్డ్ టర్కీ ఉంది. అది సైట్లను ఉచితంగా ఆపుతుంది, ప్రోగ్రాములను కూడా ఆపాలంటే డబ్బు కట్టాలి.

అపోహ: హోస్ట్స్ ఫైల్‌లో ఒక్క లైను రాస్తే సైటు జన్మలో తెరుచుకోదు

కొంచెం కంప్యూటర్ తెలిసినవాళ్ల అపోహ ఇది. ఇందులో సగం నిజం ఉంది కాబట్టి వివరంగా చెబుతాను.

కంప్యూటర్ ఏ సైటుకైనా వెళ్లే ముందు ఆ పేరుకు నంబరు అడ్రసు ఏమిటో వెతుకుతుంది. బయట ఎవరినైనా అడిగే ముందు తన దగ్గరున్న హోస్ట్స్ అనే చిన్న ఫైల్ చూసుకుంటుంది. అందులో యూట్యూబ్ పేరు పక్కన 127.0.0.1 అని రాస్తే, అది మన కంప్యూటర్ అడ్రసే కాబట్టి, వెతుకులాట అక్కడక్కడే తిరిగి పేజీ రాదు. విండోస్‌లో ఈ ఫైల్ సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ అనే ఫోల్డర్లు దాటి వెళ్తే కనిపిస్తుంది. నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మార్చాలి. ఖర్చు లేదు, అన్ని బ్రౌజర్లకూ వర్తిస్తుంది, ఇన్‌కాగ్నిటోకు కూడా.

అసలు తేడా ఎక్కడ వస్తుందంటే, ఈ ఫైల్‌కు "ఈ పేరు ఉన్నవన్నీ ఆపు" అని చెప్పలేం. మూడు డబ్ల్యూలతో ఒక లైను, అవి లేకుండా ఒక లైను, మొబైల్ పేజీకి ఇంకొకటి, ఇలా ప్రతి రూపానికీ విడిగా రాయాలి. ఒకటి మర్చిపోతే సైటు ఆ దారిలో వస్తుంది. టెలిగ్రామ్ ప్రోగ్రామ్ అయితే సైటు పేరు అడగకుండా తనలో ముందే ఉన్న నంబరు అడ్రసులకు నేరుగా వెళ్తుంది కాబట్టి హోస్ట్స్‌తో ఆగదు. ఫైల్‌ను టెక్స్ట్ ఫైల్‌గా సేవ్ చేసి, పేరు చివర టీఎక్స్‌టీ చేరిందని గమనించకుండా "పని చేయట్లేదు అన్నా" అని ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు. మార్పు చేశాక బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి, లేకపోతే పాత అడ్రసు గుర్తుండి కాసేపు పేజీ వస్తూనే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఈ ఫైల్ మార్చగలిగిన మనిషే చెరిపేయగలడు. అందుకని నేను రెండు అకౌంట్లు పెట్టిస్తాను. ఒకటి కంప్యూటర్‌లో ఏదైనా మార్చే హక్కు ఉన్న అడ్మిన్, రెండోది మామూలు అకౌంటు. రోజూ చదువు మామూలు అకౌంటులోనే. అందులోంచి హోస్ట్స్ మార్చాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలో చివర్లో చెబుతాను.

అపోహ: రౌటర్‌లో ఆపేస్తే ఇల్లంతా సెట్ అయిపోతుంది

ఇంటికంతా వైఫై ఇచ్చే పెట్టె, అంటే రౌటర్‌లో సైటు పేరు ద్వారా ఆపడం చాలాసార్లు పని చేస్తుంది. కానీ ఇప్పటి బ్రౌజర్లలో సెక్యూర్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఉంది. దాన్ని బయటి సర్వీసుకు పెడితే బ్రౌజర్ సైటు అడ్రసును రౌటర్‌ను అడగదు, గుప్తంగా ఆ సర్వీసునే అడుగుతుంది. అప్పుడు రౌటర్ జాబితా ఉన్నా లేనట్టే. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే అసలు రౌటర్‌తోనే పని లేదు. పైగా సాయంత్రం టీవీలో పాటలు వినే నాన్నగారికీ యూట్యూబ్ ఆగిపోతుంది, మరుసటి రోజే ఏర్పాటు మొత్తం తీసేయమంటారు. ఒక్కరి చదువు కోసమైతే ఆ ఒక్కరి కంప్యూటర్‌లోనే చేయండి.

అపోహ: విండోస్‌లో ఫోకస్ ఉంది కదా, అదే ఆపుతుంది

ఆపదు. విండోస్ 11లో ఫోకస్ సెషన్ టైమర్ పెడుతుంది, నోటిఫికేషన్లను నిశ్శబ్దం చేస్తుంది. యాప్ మనమే తెరిస్తే హాయిగా తెరుచుకుంటుంది. మాక్‌లోని ఫోకస్ పని కూడా ప్రధానంగా నోటిఫికేషన్లను ఆపడమే. రెండూ మంచివే, వాడండి, కానీ బ్లాకర్ పని వాటికి అప్పజెప్పకండి.

అపోహ: ఒక్క రెండు నిమిషాలు చూసొస్తే ఏమీ కాదు

2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు దీని మీద పని చేశారు. ఒక పని మధ్యలో వదిలి ఇంకో పనికి వెళ్తే, ధ్యాసలో కొంత భాగం మొదటి పని దగ్గరే మిగిలిపోతుందని, దానివల్ల రెండో పని సరిగా సాగదని ఆమె చూపించారు. సగం చూసిన వీడియో, సగం చదివిన గ్రూప్ గొడవ కూడా అలాగే వెంట వస్తాయని నా అనుభవం. గడియారంలో పోయింది రెండు నిమిషాలే. కానీ వెనక్కి వచ్చాక అదే పేరా మూడుసార్లు చదవాల్సి వస్తుంది.

అపోహ: యూట్యూబ్, టెలిగ్రామ్ పూర్తిగా తీసేస్తేనే ర్యాంకు వస్తుంది

ఇలా అన్నీ తీసేసినవాళ్లు ఎక్కువమంది నాలుగో రోజుకల్లా అన్నీ తిరిగి పెట్టుకోవడం చూశాను. కారణం వాళ్ల బలహీనత కాదు. ఎకానమీ క్లాసు యూట్యూబ్‌లోనే ఉంటుంది, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్ టెలిగ్రామ్‌లోనే వస్తుంది. పనికొచ్చేదాన్ని కూడా ఆపితే ఆ అడ్డును తీయడానికి న్యాయమైన కారణం దొరుకుతుంది, ఒకసారి తీశాక మళ్లీ పెట్టరు.

యూట్యూబ్‌లో క్లాసు వల్ల నష్టం లేదు. హోమ్ పేజీ, పక్కన వరుసగా వచ్చే సూచనలు, వీడియో అయిపోగానే తనంతట తానే మొదలయ్యే తర్వాతి వీడియో, ఇవే మనల్ని లాక్కెళ్లేవి. వాచ్ హిస్టరీ ఆపేసి పాతది చెరిపేస్తే హోమ్ పేజీలో సూచనలు రావడం ఆగిపోతుంది. యూట్యూబ్ ఈ మార్పు 2023 ఆగస్టులో తెచ్చింది. నాకు తెలిసి ఉచితంగా దొరికే మంచి సాయాల్లో ఇదొకటి. ఆటోప్లే కూడా ఆపండి. కావాల్సిన క్లాసులను ముందు రోజు రాత్రే ప్లేలిస్ట్‌లో పెట్టుకుని, పొద్దున నేరుగా ఆ ప్లేలిస్ట్ లింకే తెరవండి. టెలిగ్రామ్ పీడీఎఫ్‌లను రోజుకొకసారి, ఒకే సమయంలో దించుకుని ఫోల్డర్‌లో పెట్టి, ప్రోగ్రామ్ మూసేయండి.

ఏది ఆపాలో తెలియనివాళ్లకు నేను చెప్పేది ఇదే. మూడు రోజులు ఏదీ ఆపకుండా, దారి తప్పిన ప్రతిసారీ ఎక్కడికి వెళ్లారో కాగితం మీద ఒక గీత గీయండి. ఒకమ్మాయి తనకు ఇన్‌స్టాగ్రామ్ జబ్బు ఉందనుకునేది. మూడు రోజుల గీతలన్నీ క్రికెట్ స్కోరు దగ్గరే తేలాయి. ఆపాల్సింది ఆ ఒక్క సైటే.

అపోహ: 21 రోజులు ఓర్చుకుంటే అలవాటు పోతుంది

లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి ఆ గడువు 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. వాళ్లు చూసింది తిండి, వ్యాయామం లాంటి అలవాట్లను. కానీ 22వ రోజున వేళ్లు మళ్లీ అటే వెళ్లాయని ఏడ్చేవాళ్లకు ఈ లెక్క తెలిస్తే మంచిది.

అపోహ: కంప్యూటర్ శుభ్రం చేశాను కాబట్టి ఫోన్ పక్కనున్నా పర్వాలేదు

కంప్యూటర్‌లో ఆపింది ఫోన్‌లో తెరుచుకుంటుంది, అంతే. ఇబ్బందల్లా ఓటీపీ దగ్గర. ఆన్‌లైన్ నమూనా పరీక్ష లాగిన్‌కు ఫోన్ కావాలి కదా అంటారు. ముందు లాగిన్ అయ్యి, తర్వాత ఫోన్ లాకర్‌లో పెట్టండి. ఈఏపీసెట్ ఇంజనీరింగ్ రాసేవాళ్లు 3 గంటల్లో 160 ప్రశ్నలు చేయాలి. ఆ 3 గంటలూ ఫోన్ లేకుండా కూర్చోవడం ముందు నుంచే అలవాటు కావాలి. 25 నిమిషాలకొకసారి విరామం తీసుకునే పద్ధతి మొదట్లో మంచిదే. పరీక్ష దగ్గరపడ్డాక వారంలో రెండు రోజులైనా పూర్తి నిడివి కూర్చోమని చెబుతాను.

అపోహ: పిల్లలకు తెలియకుండా పెట్టేస్తేనే పని చేస్తుంది

"బాబూ, వాడికి చెప్పకుండా పెట్టేసి వెళ్లండి" అని ఒక తల్లి అడిగారు. "వద్దమ్మా, వాడి ముందే పెడదాం" అన్నాను. తెలియకుండా పెడితే పిల్లవాడి తెలివంతా దాన్ని తీసేయడం మీదికి పోతుంది. పైగా అమ్మ మీద నమ్మకం పోతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో పిల్లల అకౌంటుకు ఏ యాప్ ఎంతసేపో పెట్టొచ్చు. ఆ గంటలు వాడినే చెప్పమన్నాం. రాత్రి తొమ్మిది తర్వాత అరగంట గేము కావాలన్నాడు, ఒప్పుకున్నారు.

ఇక పాస్‌వర్డ్ సంగతి. మీ దగ్గరే ఉంటే అది తాళం కాదు. అలాగని ఎక్కడో ఊళ్లో ఉన్న అన్నయ్యకు ఇస్తే అవసరానికి దొరకడు. నేను చూసుకునే ఒక హాల్లో ఇద్దరు రూమ్మేట్లు ఒకరి అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకరు పెట్టుకున్నారు. ఎవరిది వాళ్లకు తెలియదు. హాల్ టికెట్ దించుకోవడం లాంటి అవసరం వస్తే కారణం నోటితో చెప్పి అడగాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఇద్దరూ కలిసి అన్నీ తెరిచి, సాయంత్రం ఆరుకు మళ్లీ మూసేస్తారు.