జపాన్ పొట్టి వెదురు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో నర్సరీ నడుపుతున్నాను. ఈ మధ్య ఫోన్లో ఫొటో చూపించి, "అన్నా, ఈ పొట్టి వెదురు మన దగ్గర బతుకుద్దా?" అని అడిగేవాళ్ళు పెరిగారు. ఫొటోలో ఉండేది చాలాసార్లు సాసా అనే జపాన్ వెదురు.

అపోహ: ఇది మన వెదురులోనే పొట్టి రకం.

వాస్తవం: రెండూ గడ్డి కుటుంబంలోని వెదురు ఉపకుటుంబానివే, అంతవరకే చుట్టరికం. నల్లమలలో దొరికే సాదనపు వెదురు, మేదర్లు బుట్టలకూ తడికలకూ వాడేది, ఉష్ణమండలపు బాంబుసీ తెగ. సాసాది చల్లటి దేశాల అరుండినేరియీ తెగ. సాసాల్లో ఒకటైన కురిల్ సాసాకు 1850లో రూప్రెక్ట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు అరుండినేరియా కురిలెన్సిస్, అంటే అరుండినేరియా ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) చేర్చాడు. 1901లో మకినో, షిబాటా అనే జపాన్ వృక్షశాస్త్రజ్ఞులు సాసాను వేరే ప్రజాతిగా నిలబెట్టి దీన్ని అందులోకి మార్చారు. ఎత్తు చూసి కాదు, పువ్వు చూసి: సాసాలో ఆరు కేసరాలు, అరుండినేరియాలో మూడే. పువ్వు కోసం దశాబ్దాలు ఆగాలి కాబట్టి నేను కణుపు చూస్తాను. సాసాకు కణుపుకు ఒక్కటే కొమ్మ, అదీ దాదాపు కాండమంత లావు. సాదనపు వెదురుకు గుంపుగా వస్తాయి. పొట్టి అన్నారని మోసపోవద్దు, కురిల్ సాసా మూడు మీటర్ల దాకా లేస్తుంది.

అపోహ: వెదురంటే వేడి దేశపు మొక్క.

వాస్తవం: కురిల్ సాసా సొంత ఊళ్ళు సఖాలిన్, కురిల్ దీవులు, జపాన్, కొరియా. ఇంతకన్నా ఉత్తరాన సహజంగా పెరిగే వెదురు లేదు. దాన్ని కాపాడేది మంచే! జపాన్ సముద్రం వైపు కొండల్లో మంచు బరువుకు కాండాలు నేలకు వంగి, చలికాలమంతా ఆ దుప్పటి కింద ఉంటాయి. పైన గాలి ఎంత గడ్డకట్టినా లోపల సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, కాండం మీది మొగ్గలు చావవు. మంచు తక్కువ పడే పసిఫిక్ వైపు ఈ రక్షణ లేదు. అక్కడ మొగ్గల్ని నేలలో దాచుకునే మియాకోజాసా అనే మరో సాసా రకం రాజ్యం. దాదాపు 50 సెంటీమీటర్ల మంచు లోతు దగ్గర ఈ హద్దు పడుతుంది, మియాకోజాసా గీత అంటారు.

అపోహ: ఆకుకు తెల్లంచు ఉన్నదే అసలు రకం.

వాస్తవం: ఇలా తెల్లంచుతో కనిపించే సాసా వీచీ అనే రకానికి కొత్త ఆకు పూర్తిగా పచ్చనే. చలికి అంచు ఎండితేనే ఆ తెలుపు. నెల్లూరులో అంచు ఎండిందంటే వడగాలి పని.

అపోహ: నీడ, నీళ్ళు ఉంటే చాలు.

వాస్తవం: రోహిణీ కార్తెలో మనకు రాత్రులు కూడా చల్లబడవు. నీడకు ఎండ తగ్గుతుంది కానీ ఉక్క తగ్గదు. నేనైతే అమ్మను.

ఇక గాజు గిన్నెలో నీళ్ళలో పెట్టే లక్కీ బాంబూ అసలు వెదురే కాదు. మధ్య ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రసీనా అనే మొక్క.